మార్తమ్మ గారి చేతిరుమాలు

కిషోర్‌కి కంప్యూటర్లంటే భయం లేదు. దేవదానం మాస్టారంటే మాత్రం ఉంది. రాజోలు సెంటర్లో సొంత షాపు, పైన రంగురంగుల బోర్డు, చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు తన సెల్లే మోగడం, ఇంత పేరున్నా ఆ శనివారం పొద్దున్న షాపు ముందు మాస్టారి సైకిలు ఆగేసరికి కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డాడు. ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పిన మనిషి మరి. ఎవర్నీ కొట్టేవారు కాదు. లెక్క తప్పినవాణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టి, తప్పు ఎక్కడ పుట్టిందో వాడిచేతే వెతికించేవారు. దానికంటే నాలుగు దెబ్బలు తిని కూర్చోవడం నయమనిపించేది.

“ఒరే కిషోరూ, నువ్విచ్చిన కంప్యూటర్ బంగారంలా ఉందిరా. నాకు అక్కరకు రావట్లేదు, అంతే,” అన్నారు మాస్టారు సైకిలుకి స్టాండు వేస్తూ.

కిషోర్ గుండె గతుక్కుమంది. ఆ వారం మొదట్లో పడ్డ పిడుగుకి మాస్టారి పాత కంప్యూటర్ బోర్డు మాడిపోయింది. అది ఇక బాగుపడదని తేల్చి, కొత్తది అమ్మి ఇంటికి పంపించింది తనే. అందులో విస్టా అనే కొత్త విండోస్ ఉంది. 2008 ఎండాకాలంలో కొత్త కంప్యూటర్ ఏది కొన్నా దాదాపు అదే వచ్చేది. రిటైరైన మాస్టారు, ఏం చేసుకుంటారులే, పాటల సీడీలు పెట్టుకుంటారు, పేకాట ఆడుకుంటారు అనుకున్నాడే తప్ప, దాంతో మీకేం పనండీ అని ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా!

“ఏం రావట్లేదండీ?”

“విజువల్ బేసిక్. ఆరో వెర్షను. పదేళ్ళ నాటిది కదా, ఈ కొత్తదాన్లో ఎక్కట్లేదు. రెండు రోజుల్నించీ కుస్తీ పడుతున్నాను. రేపు మా అమ్మాయి రెబెకా ప్రధానం. ఈ సాయంత్రంలోగా అది ఎక్కాలిరా.”

ప్రధానం అంటే వాళ్ళ క్రైస్తవుల్లో నిశ్చితార్థం. పిల్ల ప్రధానానికీ, ప్రోగ్రాములు రాసుకునే సాఫ్టువేరుకీ సంబంధమేంటో కిషోర్ బుర్రకి ఎక్కలేదు. మాస్టారి మొహం చూస్తే ఆ ప్రశ్న అడగాలనీ అనిపించలేదు. “ఆయ్, పదండి,” అని సంచీలో సీడీలూ స్క్రూడ్రైవర్లూ, పాత హార్డు డిస్కుని కొత్త కంప్యూటర్‌కి తగిలించే వైరూ పడేసుకుని, షట్టరు దించేశాడు.

మాస్టారిల్లు పొదలాడలో, కాలవ గట్టు పక్కన. కిషోర్ మోటారుసైకిలు మీద వెళ్ళేసరికి వాకిట్లో షామియానా గుంజలు పాతుతున్నారు. లోపల మాత్రం సందడి లేదు. ముందు గదిలో కిటికీ వారగా మంచం, దాని మీద మాస్టారి భార్య మార్తమ్మగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పక్కన స్టూలు మీద ఇడ్లీల కంచం, మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

రెబెకా బయటికొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. ముమ్మిడివరంలో టీచరుగా చేస్తోందా అమ్మాయి.

“మూడేళ్ళయిందండి అమ్మకి పక్షవాతం వచ్చి. కుడి చెయ్యీ, మాటా రెండూ పోయేయి. అన్నీ అర్థమవుతాయండి, అక్షరం పలకలేదు. నాన్నగారు చేసిన ప్రోగ్రాంతోనే మాట్లాడేది. ఎడం చేత్తో మీట నొక్కితే మాట వస్తుంది. అమ్మ గొంతే వస్తుందండి.”

“అమ్మగారి గొంతా? అదెలాగండీ?”

“అమ్మ చర్చిలో పిల్లలకి బైబిలు కథలు చెప్పేది కదండీ. అవన్నీ అప్పట్లో క్యాసెట్లు చేయించుకుంది. నాన్నగారు ఆ క్యాసెట్లలోంచి ఒక్కో మాటా కత్తిరించి తీసేరు.”

కిషోర్ తలుపు సందులోంచి మాస్టారి వైపు చూశాడు. ఆయన వంగి కొత్త కంప్యూటర్ వైర్లు సర్దుతున్నారు. ఆ వంగడంలోనే ఏదో పరీక్షకి కూర్చున్న కుర్రాడి శ్రద్ధ ఉంది.

“మొన్న యేసురత్నం మావయ్య వచ్చి,” అంది రెబెకా, “పాస్టరుగారు అడిగినప్పుడు అక్క బదులు నేను చెప్పేస్తాలే అన్నాడండి. ప్రేమతోనే అన్నాడు. అప్పట్నించీ అమ్మ ఇలాగే. ఏదో మేం బలవంతం చేస్తే రెండు ముద్దలు, అంతే.”

సంగతేమిటంటే, వాళ్ళ చర్చిలో ప్రధానం రోజున పాస్టరుగారు పిల్ల తండ్రినీ, తల్లినీ పేరు పెట్టి విడివిడిగా అడుగుతారు, ఈ సంబంధం మీకిష్టమేనా అని. వచ్చినవాళ్ళందరికీ వినబడేలా జవాబు చెప్పాలి. మీరు తల ఊపితే చాలమ్మా అని పాస్టరుగారే కబురు పెట్టారట. ఆవిడ దానికీ ఒప్పుకోలేదు. ఎందుకొప్పుకుంటారండీ! ఆ చర్చిలో మూడు తరాల పిల్లల్ని కథలతో నోరు తెరిపించి కూర్చోబెట్టిన మనిషి, సొంత కూతురి ప్రధానంలో తల ఊపే బొమ్మలా కూర్చోవాలా? ఆ కోపం న్యాయమైనదేనని కిషోర్‌కి తోచింది. తన తల్లి అయితే కంచం విసిరేసి ఉండేది కూడాను.

పాత డిస్కు తగిలించి తెరిచేసరికి మాటలన్నీ క్షేమంగా ఉన్నాయి. పిడుగు బోర్డుని మింగింది గానీ మార్తమ్మగారి గొంతు జోలికి వెళ్ళలేదు. వందల కొద్దీ చిన్నచిన్న ఫైళ్ళు, ఒక్కోదానికీ ఒక్కో మాట పేరు. ‘నీళ్ళు’ పెళ్ళివారి కథలోంచి తీసిందట. ‘ఆకలి’ ఇల్లు విడిచిపోయిన కొడుకు కథలోంచి. ‘రండి’ చెట్టెక్కిన పొట్టివాడి కథలోంచి. ఏ మాట ఏ కథలో దొరికిందో మాస్టారు వేళ్ళ మీద చెప్పేస్తున్నారు.

“ఇదంతా ఎవరు నేర్పేరండీ మీకు?”

“ఎవరు నేర్పుతార్రా? సెంటర్లో ఇన్‌స్టిట్యూట్‌లో చేరేను. ఇంటర్ తప్పిన కుర్రాళ్ళ పక్కన కూర్చున్నాను. తాతగారూ అనేవారు. నా ఫీజులో సగమంత డబ్బు వాళ్ళ పకోడీలకే అయిపోయేది,” అని నవ్వారు మాస్టారు.

ఒక పాత కీబోర్డు తెచ్చి చూపించారు. మీటల మీద అక్షరాలు లేవు. ఒకదాని మీద గ్లాసు బొమ్మ, ఒకదాని మీద కంచం, ఒకదాని మీద ఫ్యాను, ఒకదాని మీద గొడుగు, అన్నీ రంగు పెన్సిళ్ళతో గీసి, పైన టేపు అంటించినవి. అన్నిటికంటే కింద ఉండే పొడుగాటి మీట మీద మాత్రం బొమ్మ లేదు. పసుపు రంగు కాగితం అంటించి ఉంది, అంతే.

“ఇదేంటండీ?”

“‘ఆయ్’ అనే మాట. అవునని చెప్పడానికి రోజంతా ఎక్కువగా కావలసింది అదే కదా. అందుకని పెద్ద మీట దానికిచ్చేను.”

అరవై దాటిన మనిషి, భార్య మాట కోసం ముక్కూ మొహం తెలియని విద్య నేర్చుకుని, ఏ మాట ఎన్నిసార్లు కావాలో లెక్కగట్టి మీటలు పంచాడు. కిషోర్‌కి దణ్ణం పెట్టాలనిపించింది. తను అమ్మిన కంప్యూటర్లన్నీ కలిపినా ఇంత పని చేసి ఉండవు. ఈ మనిషికి పేకాట అంటగట్టాడు తను!

ఆ గౌరవంలో ఉండగానే ఇంకో సంగతి బయటపడింది.

“మాస్టారూ, ఈ ప్రోగ్రాంని విడిగా నడిచేలా ఒక ఫైలుగా కట్టి పెట్టుకోలేదాండీ? అదుంటే ఈ గొడవ ఉండకపోను.”

“అలా కట్టొచ్చని చివర్లో చెప్పేరు. నాకెందుకులే అనుకున్నాను. ఈవిడకి రోజుకో కొత్త మాట కావాలిరా. ఇవాళ కట్టి, రేపు విప్పి, ఎల్లుండి మళ్ళీ కట్టడమెందుకని అందులోనే తెరిచి, ఆ బాణం గుర్తు నొక్కి నడిపించేసేవాణ్ణి.”

“అంటే ఇన్నాళ్ళూ పొయ్యి మీంచే వడ్డించేరన్నమాట!”

“మరేరా,” అన్నారు మాస్టారు అమాయకంగా.

ఇప్పుడు పొయ్యి లేకపోతే వడ్డన లేదు. విజువల్ బేసిక్ ఎక్కితీరాలి.

కిషోర్ చొక్కా చేతులు మడిచి మొదలుపెట్టాడు. సీడీ పెట్టగానే, ఇది నాతో సరిగ్గా పొసగదు సుమా అంది విస్టా. పోనీలే నడుపు అన్నాడు. నీకు హక్కుందా అంది. పెద్ద హక్కులన్నీ తనకే ఇచ్చుకుని మళ్ళీ నడిపాడు. కొంచెం దూరం బాగానే వెళ్ళింది. జావా తాలూకు పాత భాగం ఒకటి వెయ్యాలి, వేశాక కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాలి అంది. అలాగే చేశాడు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే మాట. ఆపి పెట్టు. ఆపి పెట్టాడు. మళ్ళీ అదే. ఎన్నిసార్లు ఆపి పెట్టినా, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు అమాయకంగా అడుగుతుంది. దాని మొహం మండ!

విస్టా తీసేసి పాత విండోస్ ఎక్స్‌పీ వేసేద్దామని ఆ సీడీ పెట్టి చూశాడు. ఈ కంప్యూటర్లో డిస్కే లేదు పొమ్మంది అది. కొత్త రకం డిస్కు దాని కంటికి ఆనదు. షాపులో ఉన్న ఒక్క పాత కంప్యూటర్‌కీ బోర్డు రాజమండ్రి నుంచి రావాలి, సోమవారం దాకా రాదు. ఇన్‌స్టిట్యూట్‌కి సెలవులిచ్చి తాళం వేసేశారు. నెట్లో వెతుకుదామంటే, సెంటర్లో నెట్టు ఆ పిడుగు రోజునే చచ్చింది, ఇంకా లేవలేదు. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“నావల్ల కాదేమోనండి మాస్టారూ,” అన్నాడు చివరికి. అనగానే మంచం వైపు చూశాడు. మార్తమ్మగారి వీపు కదల్లేదు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడనిపించింది.

మాస్టారు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

“తప్పు ఎక్కడ పుడుతోందో చూద్దాం. కంగారు పడకు. అది ఏమడుగుతోందో మా ఆవిడకి చెప్పు, నాక్కాదు. నేను ఏ చిక్కొచ్చినా ఆవిడకే చెప్పుకుంటాను. మార్తా, వింటున్నావా?”

కిషోర్ గొంతు సవరించుకున్నాడు. కంప్యూటర్ భాషలో చెప్తే ఏం బావుంటుంది?

“బస్సనుకోండమ్మా. ఈ ప్రోగ్రాం పుట్టిన రోజుల్లో దాంతోపాటు జావా అని ఒకాయన ఎక్కేవాడండి. ఆయనకంటూ ఓ సీటు. ఇప్పుడీ కొత్త విస్టా ఆయన్ని ఎక్కనివ్వదు. ఎక్కించే సీడీ ఏమో పాత కండక్టరు. ఆ సీటు ఖాళీగా ఉంటే రైట్ అననంటాడు. ఖాళీగా ఉంది, అందరూ దిగి మళ్ళీ ఎక్కండి అంటాడు. ఎక్కుతాం. సీటు మళ్ళీ ఖాళీ. మళ్ళీ దిగమంటాడు. పొద్దున్నించీ ఇదేనండి మా గొడవ.”

షామియానా వాళ్ళు గుంజ కొడుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. నీళ్ళు తాగుదామని మాస్టారు కుర్చీలోంచి లేచారు. అంతలో మంచం మీంచి తెల్లగా ఏదో ఎగిరొచ్చి ఆ ఖాళీ కుర్చీలో పడింది.

చేతిరుమాలు.

మార్తమ్మగారు ఇటు తిరిగి ఉన్నారు. కళ్ళు కుర్చీ మీదే ఉన్నాయి.

“కోపం వచ్చినట్టుందిరా,” అని మాస్టారు రుమాలు తీసి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ ఎడం చేత్తో మళ్ళీ విసిరారు. మళ్ళీ సరిగ్గా ఆ కుర్చీలోకే. ఈసారి మాస్టారు దాన్ని తియ్యలేదు. కుర్చీనీ, రుమాలునీ, భార్యనీ మార్చి మార్చి చూసి, ఒక్కసారి తొడ మీద చరుచుకున్నారు.

“ఒరేయ్! సీటు! సీటు ఆపమంటోందిరా!”

“ఏంటండీ?”

“అమలాపురం బస్సు వచ్చిందంటే, లోపలివాళ్ళు దిగకుండానే కిటికీలోంచి రుమాలు విసిరేది ఈవిడ. రాజోలు స్టాండులో ఈవిడ గురి తెలియనివాడు లేడు. రుమాలు పడిందా, ఇక ఆ సీటు జోలికి ఎవడూ వచ్చేవాడు కాదు. మనిషి ఎక్కకపోయినా సరే, ఎవరో ఉన్నారనుకుని పక్కకి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు చెప్పు, నీ కండక్టరు ఆ ఫైలు లోపల ఏముందో చూస్తాడా, పేరు చూసి పోతాడా?”

కిషోర్‌కి ఎనిమిదో తరగతి బోర్డు దగ్గర నిలబడ్డట్టే ఉంది. కానీ ఈసారి జవాబు కళ్ళ ముందు కనిపిస్తోంది.

“పేరే చూస్తాడేమోనండి!”

గబగబా ఒక ఖాళీ ఫైలు తయారుచేశాడు. లోపల అక్షరం లేదు. సీడీ వెతుకుతున్న ఆ జావా ఫైలు పేరు దానికి పెట్టి, అది ఉండాల్సిన చోట పడేశాడు. రుమాలు విసిరినట్టే. సీడీ మళ్ళీ మొదలుపెట్టాడు. ఆపి పెట్టమనే చోటొచ్చింది. సీడీ ఒక్క క్షణం ఆగింది. ఆగి, మారు మాట్లాడకుండా ముందుకెళ్ళిపోయింది.

“ఎక్కేసిందండీ! అమ్మగారూ, బస్సు కదిలిందండీ!” అని కేక పెట్టాడు కిషోర్. షామియానా వాళ్ళు గుమ్మంలోంచి తొంగిచూశారు.

మాస్టారికి అక్కర్లేని భాగాలన్నీ టిక్కు తీసేసి, అవసరమైనవే ఉంచాడు. చివర్లో చాలాసేపు బిగుసుకుపోయి భయపెట్టింది గానీ, మొత్తానికి పని పూర్తయిందన్న కబురు తెర మీద కనబడింది. మాస్టారు తన ప్రోగ్రాం తెరిచి, బాణం గుర్తు నొక్కారు. బొమ్మల కీబోర్డు తీసుకెళ్ళి మార్తమ్మగారి ఒళ్ళో పెట్టారు.

ఆవిడ తడుముకోలేదు. భర్త మొహంలోకి చూస్తూ పైవరసలో ఓ మీట నొక్కారు.

“చాల్లెండి సంబడం!” అంది స్పీకరు.

రెబెకా ఫక్కున నవ్వింది. మాస్టారు నవ్వబోయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ గొంతు వినడం కిషోర్‌కి అదే మొదలు. నిండైన గొంతు. మంచం మీది ఆ బక్క మనిషిలోంచి ఆ గొంతు ఎక్కడికి పోయిందా అనుకున్నాడు.

రెండో మీట కంచం బొమ్మ. “ఆకలి.”

రెబెకా వంటింట్లోకి పరిగెత్తింది.

ఆవిడ తింటున్నంతసేపూ కిషోర్ ప్రోగ్రాంని విడిగా నడిచే ఫైలుగా కట్టి, సీడీల మీదకి కూడా ఎక్కించాడు. ఇక పిడుగు పడ్డా మాట పోదు. మాటలు ఒక్కొక్కటే విని సరిచూస్తుంటే పసుపు మీట దగ్గర చెవికి ఏదో తగిలింది.

“మాస్టారూ, ఈ ‘ఆయ్’ వెనకాల ఏదో గోల ఉందండి. కిచకిచమని. ఇది కథల్లోది కాదా?”

“కాదు. ఇంట్లోది. రికార్డవుతోందా అని నేనడిగితే ‘ఆయ్’ అంది. క్యాసెట్టు మొదట్లో ఉండిపోయింది.”

“శుభ్రం చేసి ఇమ్మంటారా? రెండు నిమిషాల పనండి.”

“వద్దురా. దాన్నలాగే ఉండనీ,” అన్నారు మాస్టారు.

మర్నాడు కిషోర్ చుట్టంలా కాదు, స్పీకర్లు చూసుకునే మనిషిలా వెళ్ళాడు. కరెంటు పోయినా ఆగకుండా షాపులోంచి బ్యాటరీ పెట్టె కూడా తెచ్చి పెట్టాడు. షామియానా కింద జనం కిటకిటలాడుతున్నారు. మార్తమ్మగారు తెల్ల పట్టుచీర కట్టుకుని చక్రాల కుర్చీలో, ఒళ్ళో బొమ్మల కీబోర్డుతో కూర్చున్నారు. పక్కనే రెబెకా, తల వంచుకుని.

పాటలయ్యాయి. ప్రార్థన అయింది. పాస్టరు కృపానందంగారు ముందుకొచ్చారు.

“దేవదానంగారూ, ఈ సంబంధం మీకిష్టమేనాండీ?”

“ఇష్టమేనండీ,” అన్నారు మాస్టారు.

పాస్టరుగారు ఒక్క క్షణం తటపటాయించారు. ముందు వరసలో యేసురత్నంగారు అలవాటుకొద్దీ లేవబోయారు. మార్తమ్మగారు ఆయనకేసి ఒక్క చూపు చూశారు. ఆయన కూర్చున్నారు.

“అమ్మా, మార్తమ్మగారూ. మీకిష్టమేనాండీ?”

ఆవిడ ఎడం చెయ్యి పసుపు మీట మీద పడింది.

“ఆయ్!”

షామియానా చివరి వరస దాకా వినబడింది. పాతికేళ్ళ కిందటి గొంతు, వణుకులేని గొంతు. దాని వెంటే, పెద్ద స్పీకర్లలో ఇప్పుడు స్పష్టంగా, ఓ పసిపిల్ల నవ్వు. కిలకిలమని, ఊపిరాడకుండా, చివర్లో చిన్న ఎక్కిలితో.

తల వంచుకున్న రెబెకాకి నవ్వాగలేదు. చేత్తో నోరు మూసుకున్నా ఆగలేదు. కిలకిలమని, ఊపిరాడకుండా, చివర్లో చిన్న ఎక్కిలితో.

కిషోర్ తలెత్తి రెబెకా వైపు చూశాడు. అదే నవ్వు. తను గోల అనుకుని తీసేస్తానన్నది ఈ పిల్ల నవ్వే. తల్లి కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ఆనాడు అన్న ‘ఆయ్’, ఈనాడు ఆ కూతురి ప్రధానంలో అందరి ముందూ వినిపించింది. ముందు వరసలో ముసలమ్మలు కొంగులతో కళ్ళొత్తుకుంటున్నారు. పాస్టరుగారు తర్వాతి మాట మర్చిపోయి నిలబడ్డారు.

మాస్టారు జనంలోంచి నెమ్మదిగా వచ్చి స్పీకరు పక్కన నిలబడ్డారు.

“ఇప్పుడు చెప్పరా కిషోరూ,” అన్నారు చెవి దగ్గర, “ఆ గోల తీసెయ్యమంటావా?”

కిషోర్ తల అడ్డంగా ఊపాడు.